నీట్ ర్యాంకుకి వెటర్నరీ సీటు వచ్చేలా ఉంది: చేరాలా, లాంగ్ టర్మ్‌కి వెళ్ళాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో వచ్చిన మార్కులకి ఎంబీబీఎస్ కన్వీనర్ సీటు రాదు, వెటర్నరీ సీటు వచ్చేలా ఉంది. నాన్న విజయవాడలో లాంగ్ టర్మ్‌లో, అంటే మళ్ళీ నీట్ రాయడానికి ఏడాది కోచింగ్‌లో చేరమంటున్నారు. "గేదెలకి సూదులు వేయడానికా నిన్ను ఇంత చదివించింది? ఆడపిల్లవి, చావిళ్ళ వెంట తిరుగుతావా?" అంటున్నారు. నాకు జంతువులంటే ఇష్టం, ఇంట్లో కుక్క కూడా ఉంది. కానీ ఆ పని నిజంగా చేయగలనో లేదో తెలియడం లేదు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు:

అమ్మా, నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుకున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో, కొన్నాళ్ళు విజయవాడ టౌనులో పని చేశాను. నీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది చివరి మాట, "చేయగలనో లేదో తెలియడం లేదు" అన్నది. చాలామంది ఆ మాట సీటు తీసుకుని రెండేళ్ళు గడిచాక అంటారు. నువ్వు ముందే అంటున్నావు కాబట్టి నీకు చేరమని గానీ వద్దని గానీ ఇప్పుడే చెప్పను. కౌన్సెలింగ్ లోపల పది రోజులు పశువుల ఆసుపత్రిలో నిలబడి చూడు. ఏం చూడాలో తెలియాలంటే ముందు ఈ పని ఎలా ఉంటుందో చెప్పాలి.

సర్వీసులో చేరిన మొదటి ఏడాది. తెనాలి దగ్గర ఒక ఊరు. రాత్రి పదకొండు దాటాక ఫోన్. గేదె సాయంత్రం నుంచి నొప్పులు పడుతోంది, ఉమ్మనీటి సంచి ఇంకా కనపడలేదు అన్నారు. రెండో ఈత గేదె, గ్రేడెడ్ ముర్రా, అంటే నాటు గేదెలకి ముర్రా జాతి కలిపి పెంచిన రకం. నేను వెళ్ళేసరికి చావిట్లో ఒక బల్బు, చుట్టూ పదిమంది జనం. అప్పటికే ఎవరో చెయ్యి పెట్టి చూశారట, "దూడ అందడం లేదు" అన్నారు. పొడుగు గ్లవ్స్ వేసుకుని భుజం దాకా చెయ్యి పెట్టాను. లోపల దారి నేరుగా లేదు. తడిగుడ్డ పిండినప్పుడు మెలికలు పడినట్టు మడతలు కుడివైపుకి తిరిగి ఉన్నాయి, వేళ్ళు ముందుకి పోవడం లేదు. గర్భసంచి మెలిక పడింది. మన గేదెల్లో ఇది ఆవుల కంటే బాగా ఎక్కువగా వస్తుంది. ఆ మెలిక విప్పకుండా ఎంత లాగినా దూడ రాదు, సంచి చిరిగి తల్లి చచ్చిపోతుంది.

దీన్ని విప్పడానికి గేదెని దొర్లించాలి. మెలిక ఎటువైపు తిరిగిందో అటువైపే తాళ్ళతో పడుకోబెట్టి, ముందుకాళ్ళు రెండూ ఒక కట్టు, వెనక కాళ్ళు రెండూ ఒక కట్టు వేస్తాం. పది అడుగుల చెక్క ఒకటి తెచ్చి, ఒక కొస నేలమీద, రెండో కొస గేదె పొట్టమీద ఆనిస్తాం. ఆ చెక్కమీద ఒక మనిషి నిలబడాలి. కాళ్ళు పట్టుకున్నవాళ్ళు గేదెని మెల్లగా అదే వైపుకి దొర్లిస్తారు. చెక్క బరువుకి లోపలి సంచి కదలకుండా ఉంటుంది, ఒళ్ళు దాని చుట్టూ తిరిగి వచ్చి మెలిక విడిపోతుంది. వినడానికి సులువే. ఆ అర్ధరాత్రి, "ఈ అమ్మాయి గేదెని చంపేస్తుందిరా" అని వెనక ఎవరో అంటుండగా, చెక్కమీద నిలబడటానికి ఒక కుర్రాణ్ణి ఒప్పించడం సులువు కాదు. మొదటిసారి దొర్లించాం, చెయ్యి పెట్టి చూస్తే మడతలు అలాగే ఉన్నాయి. రెండోసారీ అంతే. మూడోసారి దొర్లించి చెయ్యి పెడుతుండగానే మడతలు విచ్చుకున్నాయి, ఉమ్మనీరు మోచేతి మీదుగా కారి నా చెప్పుల్లోకి వచ్చింది. అరగంటలో దూడని బయటికి తీశాం. దూడ బతికి లేదు.

ఆ ఇంటావిడ దూడ వైపు ఒక్కసారి చూసి, "గేదె దక్కింది తల్లీ, చాలు" అంది. వాళ్ళ అబ్బాయి హాస్టల్ ఫీజు పాల డబ్బుల్లోంచే కడుతున్నారని తెల్లారాక తెలిసింది. అసలు కష్టం కూడా తెల్లారాకే మొదలైంది. దూడ లేకపోతే గేదె చేపదు, పొదుగు నిండా పాలున్నా ఇవ్వదు. ఆ ఇంటాయన నన్ను పక్కకి పిలిచి, పాలు దిగే ఇంజెక్షన్ రాసివ్వమన్నారు. అది ఆక్సిటోసిన్. రోజూ పాలు పిండటానికి దాన్ని వాడకూడదు, చట్టమూ ఒప్పుకోదు. రాయను అన్నాను. ఆ తరువాత నాలుగు రోజులు ఉదయం అయిదింటికి వాళ్ళ చావిట్లో కూర్చుని, ఎదురుగా తవుడూ చిట్టూ కలిపిన కుడితి పెట్టించి, వేడినీళ్ళ గుడ్డతో పొదుగు రాస్తూ ఎలా చేపించాలో ఆవిడకి చూపించాను. నాలుగో రోజు రెండు లీటర్లు వచ్చాయి. గేదె ఒడ్డున పడిందని నేను ఊపిరి పీల్చుకున్నది మెలిక విడిపోయిన రాత్రి కాదు, ఆ రెండు లీటర్లు చూసిన పొద్దున.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, పశువుల మీద ఇష్టం ఒక్కటే ఈ పనికి సరిపోదు. నీ ఎదుట ఉండేది పశువు, నీతో మాట్లాడేది దాని యజమాని, నీ చేతిని ఆపేది ఆ ఇంటి డబ్బు లెక్క. మనిషి డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళు "ఎంతయినా ఫరవాలేదు, బతికించండి" అంటారు. మా దగ్గర చాలాసార్లు "మందులకి ఎంతవుతుంది? ఆపరేషన్ చేస్తే మళ్ళీ పాలిస్తుందా?" అని ముందే అడుగుతారు. అలా అడిగారని వాళ్ళకి ప్రేమ లేదనుకోకు. లక్ష దాకా అప్పు చేసి కొన్న గేదె అది. పొదుగువాపుకి యాంటీబయాటిక్ వేసి, ఇన్ని రోజులు పాలు కేంద్రానికి పోయొద్దు అని చెప్పినప్పుడు ఆ మనిషి ముఖం చూస్తే నీకు అర్థమవుతుంది. అయినా ఆ మాట చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ పాలు తాగేది ఊళ్ళో పిల్లలు. ఈ రెండింటి మధ్య నిలబడి రోజూ నిజం చెప్పగలనా అన్నది నువ్వు ఆసుపత్రిలో నిలబడి చూసుకోవాల్సిన మొదటి సంగతి.

రెండోది, నోరులేని రోగిని చూసి కనిపెట్టడం. ఈనిన రెండో రోజు ఆవు లేవడం లేదని కబురు వస్తుంది. వెళ్ళేసరికి మెడ పక్కకి వంచి, తల డొక్కమీద పెట్టుకుని పడి ఉంటుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉంటాయి. దీన్ని పాల జ్వరం అంటారు, కానీ జ్వరం ఉండదు. పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోయి రక్తంలో పడిపోతుంది, కండరాలు పట్టు తప్పుతాయి. కాల్షియం సీసా నరానికి ఎక్కిస్తూ, రెండో చేత్తో స్టెతస్కోపు గుండె మీదే ఉంచాలి. తొందరపడి వేగంగా వదిలితే గుండె ఆగిపోతుంది. మెల్లగా ఎక్కిస్తే కాసేపటికి కండరాలు వణకడం మొదలవుతుంది, తేనుస్తుంది, పేడ వేస్తుంది, తరువాత లేచి నిలబడుతుంది. చచ్చిపోయిందనుకున్న ఆవు గంటలో గడ్డి తింటుంటే ఆ ఇంట్లో వాళ్ళు నీకు ఇచ్చే మజ్జిగ గ్లాసు రుచే వేరు. ఇన్నేళ్ళయినా నాకు అది పాతబడలేదు.

ఇక చదువు. కోర్సు పేరు బీవీఎస్సీ అండ్ ఏహెచ్, మొత్తం అయిదున్నరేళ్ళు. అందులో నాలుగున్నరేళ్ళు క్లాసులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. "ఎంబీబీఎస్ కంటే తేలిక" అని ఎవరైనా అంటే నమ్మకు. వాళ్ళు ఒక్క ప్రాణి శరీరం చదువుతారు. నువ్వు ఆవు, గేదె, గొర్రె, గుర్రం, పంది, కుక్క, కోడి అన్నీ చదవాలి, అవి ఒకదానికొకటి ఎక్కడ తేడాయో గుర్తుపెట్టుకోవాలి. ఆ తేడాల్లోనే ప్రాణాలు పోతాయి. మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. మత్తుకి వాడే జైలజీన్ గుర్రానికి ఎంత కావాలో, ఆవుకి అందులో పదో వంతు చాలు. పశువులకి నొప్పి తగ్గడానికి వాడిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని మూత్రపిండాలు దెబ్బతీసి చంపింది. అందుకే 2006లో పశువులకి దాన్ని మన దేశంలో నిషేధించారు. మొదటి ఏడాది అనాటమీ హాలు వాసన తట్టుకోలేక ఏడ్చిన పిల్లల్ని చూశాను. వాళ్ళలో చాలామంది ఇప్పుడు మంచి సర్జన్లు.

మన రాష్ట్రంలో ఈ చదువంతా తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. అది 2005లో ఏర్పడింది. తిరుపతి కాలేజీ 1955 నాటిది, మన గన్నవరం కాలేజీ 1998లో మొదలైంది, ఆ తరువాత ప్రొద్దుటూరు, గరివిడి వచ్చాయి. 15 శాతం సీట్లు అఖిల భారత కోటా కింద నీట్ ర్యాంకుతో వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నింపుతుంది. వాటికి కౌన్సెలింగ్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు, తేదీలూ వేరు. రాష్ట్ర కౌన్సెలింగ్ ఒక్కటే చూసుకుని ఇది వదిలేసే పిల్లలు ఎక్కువ, నువ్వు రెండింటికీ పెట్టు. వేరే రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీ సీటు ఎవరైనా చూపిస్తే, ముందు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడు. గుర్తింపు లేని డిగ్రీతో రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేయకూడదు.

మీ నాన్నగారు "గేదెలకి సూదులు" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఊళ్ళో ఎదకొచ్చిన పశువుకి చూడి కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయడానికి గోపాలమిత్ర వస్తారు. రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకులు పదో తరగతి తరువాత రెండేళ్ళ డిప్లొమా లాంటి కోర్సు చేసినవాళ్ళు. ఊళ్ళో ఎక్కువగా కనిపించేది వాళ్ళే కాబట్టి పశువైద్యం అంటే అదే అనుకుంటారు. వాళ్ళ పనిని నేను చిన్నచూపు చూడను, వాళ్ళు లేకపోతే నా మండలం నడిచేది కాదు. కానీ నువ్వు చదవబోయేది డాక్టరు చదువు. ఆపరేషన్ చేసేది, పోస్టుమార్టం చేసి జబ్బు పేరు చెప్పేది, దొమ్మ వ్యాధి (ఆంత్రాక్స్) అనుమానం ఉంటే కళేబరాన్ని కొయ్యనివ్వకుండా ఆపి ఊరిని కాపాడేది డాక్టరే. భూమ్మీద నుంచి పూర్తిగా పోయిన జబ్బులు రెండే రెండు. ఒకటి మశూచి. రెండోది పశువులకి వచ్చే ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్), అది పోయిందని 2011లో ప్రకటించారు. ఆ రెండోది పోయింది పశువైద్యులు ఊరూరా టీకాలు వేయడం వల్లే. నాన్నగారితో ఈ మాట చెప్పు.

ఆడపిల్ల సంగతి. ముర్రా గేదె అయిదు వందల కిలోల పైనే ఉంటుంది. దాన్ని బలంతో ఆపగలిగిన మగ డాక్టరుని కూడా నేను ఇంతవరకు చూడలేదు. పని చేసేది తాడు, ముకుతాడు, ఆసుపత్రి ముందు పశువుని కదలకుండా నిలబెట్టే ట్రెవిస్ అనే చట్రం, పక్కన మనిషి సాయం. ఎక్కడ నిలబడితే తన్నదో ఏడాదిలో నేర్చుకుంటావు. గొర్రెలకీ మేకలకీ పిల్ల అడ్డం తిరిగినప్పుడు సన్నటి చెయ్యి ఉన్నవాళ్ళనే పిలుస్తారు, అక్కడ మనదే పైచేయి. రాత్రిపూట కాల్స్ విషయంలో మాత్రం నేను మొదటినుంచీ ఒక నియమం పెట్టుకున్నాను: పిలిచినవాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాకే బయలుదేరతాను. ఇన్నేళ్ళలో ఎవరూ దీన్ని తప్పు పట్టలేదు. మరుగుదొడ్డి లేని ఆసుపత్రిలో పని చేయాల్సి వచ్చింది, అది నిజంగా ఇబ్బందే. పోస్టింగ్ వచ్చిన మొదటి నెలలోనే దాని కోసం గట్టిగా అడగాలి, మొహమాటపడకూడదు.

అసలు భయపడాల్సింది జబ్బులకి. నా అనుభవం చెబుతాను. ఒక ఊళ్ళో ఈనాక మాయ పడని ఆవుని చూడమన్నారు. గ్లవ్స్ అయిపోయాయి. చిన్న పనే కదా అని వట్టి చేత్తో మాయ తీశాను. నెల తిరక్కుండా సాయంత్రం పూట జ్వరం, చెమటలు, కీళ్ళ నొప్పులు. టైఫాయిడ్ అన్నారు, మలేరియా అన్నారు. చివరికి నేనే అడిగి, పశువుల నుంచి మనుషులకి అంటే బ్రూసెల్లా జబ్బుకి పరీక్ష చేయించుకుంటే అదే తేలింది. ఆరు వారాలు మందులు వాడాను, నడుం నొప్పి ఏడాది పాటు వదల్లేదు. తప్పు నాదే. గ్లవ్స్ లేకపోతే పని మొదలుపెట్టకూడదు అన్న మాట నాకు అప్పటికే తెలుసు. నువ్వు కాలేజీలో చేరితే కుక్కల వార్డులోకి అడుగుపెట్టకముందే రేబిస్ టీకా మూడు డోసులు వేయించుకో. కరిచాక వేసుకునేది వేరు, ముందే వేసుకునేది వేరు. "మాకేం కాదులే" అనే సీనియర్ల మాట వినకు.

ఉద్యోగాల గురించి సూటిగా చెబుతాను. ప్రభుత్వంలో మొదటి ఉద్యోగం వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. 2023 నోటిఫికేషన్‌లో పే స్కేలు 54,060 నుంచి 1,40,540. జీతం మంచిదే, కానీ నోటిఫికేషన్ ఏటా రాదు, మధ్యలో ఎదురుచూపులు ఉంటాయి. అవి భరించడానికి ఇంట్లో వాళ్ళు ముందే సిద్ధపడాలి. మన ప్రాంతం పాడికీ కోళ్ళకీ పెట్టింది పేరు కాబట్టి డెయిరీల్లో, కోళ్ళ కంపెనీల్లో, మందుల కంపెనీల్లో, ఇన్సూరెన్స్‌లో పని దొరుకుతుంది. మొదట్లో జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసరు పరీక్షకి ఈ డిగ్రీ పనికొస్తుంది. సివిల్స్‌లో ఇదే సబ్జెక్టుని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. పీజీకి బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) ఉంది, అక్కడ సీటు వస్తే వదులుకోకు. అమెరికా ఆలోచన ఉంటే మన డిగ్రీతో నేరుగా కుదరదు, అక్కడి అర్హత పరీక్షలు ఏళ్ళ తరబడి రాయాలి, ఖర్చూ ఎక్కువే.

కుక్కలు, పిల్లుల ప్రాక్టీసు గురించి నువ్వు లోలోపల ఆలోచిస్తున్నావని నాకనిపిస్తోంది. విజయవాడలో అది బాగా పెరిగింది. నేను టౌనులో పని చేసినప్పుడు మే నెలలో ఎండదెబ్బ తగిలిన హస్కీల్ని, పగ్‌ల్ని ఐసు నీళ్ళ గుడ్డల్లో చుట్టుకుని తెచ్చేవాళ్ళు. టీకా వేయించకుండా కొన్న కుక్కపిల్లలు పార్వో అనే వైరస్ జబ్బుతో రక్తపు విరేచనాలు అవుతూ మూడు రోజుల్లో పోయేవి. టౌను ప్రాక్టీసులో డబ్బుంది, కానీ సొంత క్లినిక్‌కి ఎక్స్‌రే, రక్తపరీక్షల మెషిన్లు కొనాలి, ముందు రెండు మూడేళ్ళు మంచి డాక్టరు కింద పని నేర్చుకోవాలి. చిన్న ప్రాణుల డాక్టరు అవుదామని వచ్చిన పిల్లలు కూడా పెద్ద పశువుల దగ్గరే చెయ్యి తిప్పడం నేర్చుకుంటారు. అది వృథా పోదు.

ఇప్పుడు లాంగ్ టర్మ్. నీ మనసు నిజంగా మనుషుల వైద్యం మీద ఉంటే, మార్కులు కొద్దిలో తప్పి ఉంటే, ఇంకో ఏడాది చదువు. దాన్ని తప్పనను. కానీ నాన్నగారికి బంధువుల ముందు చెప్పుకోవడానికి మాత్రమే అయితే ఆ ఏడాది నీకు చాలా భారంగా గడుస్తుంది. ఆ హాస్టళ్ళలో పిల్లలు ఎంత టెన్షన్ పడతారో ఈ ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మూడో దారి ఒకటి చాలామంది చెబుతారు: వెటర్నరీలో చేరి పక్కన నీట్ చదువుకో అని. అది మాత్రం చేయకు. మా జూనియర్లలో ముగ్గురు అలా చేశారు. అనాటమీ తప్పారు, నీట్ కూడా రాలేదు. మధ్యలో వదిలేసి వెళితే ఆ సీటు ఇంకెవరికీ అందదు.

ఏ ఆసుపత్రిలో నిలబడాలి అంటే, గుంటూరులో పెద్ద పశువుల ఆసుపత్రికి వెళ్ళి అక్కడి డాక్టరు గారిని అడుగు, రెండు మూడు రోజులు ఓపీలో పక్కన ఉండి చూస్తానని చెప్పు. నాకు తెలిసి చాలామంది కాదనరు. అమరావతి రోడ్డులో లాం ఫారం ఉంది, అక్కడి పశు పరిశోధన కేంద్రంలో ఒంగోలు జాతి ఆవులు ఉంటాయి. అనుమతి తీసుకుని ఒక పూట వెళ్ళు. బ్రెజిల్ వాళ్ళు నెలోర్ అని పిలిచే పశువులకి మూలం మన ఒంగోలు జాతే. ఆ గిత్తల్ని దగ్గరగా చూశాక భయం వేస్తుందో, ఇంకొంచెం దగ్గరికి వెళ్ళాలనిపిస్తుందో గమనించుకో. మిగిలిన రోజులు మీ బంధువుల ఊళ్ళో ఏదైనా మండల ఆసుపత్రిలో గడుపు. చూడాల్సింది ఆపరేషన్లు కాదు. పేడలో చెయ్యి పెట్టాక నీకు అన్నం తినబుద్ధి అవుతోందా, బతకదని తెలిసిన పశువు యజమానితో డాక్టరు ఎలా మాట్లాడుతున్నారు, ఆ మాట నీ నోటితో చెప్పగలవా, ఇవి చూసుకో. రెండో రోజు మళ్ళీ వెళ్ళాలనిపించకపోతే లాంగ్ టర్మ్‌కో, ఇంకో కోర్సుకో నిశ్చింతగా వెళ్ళిపో.

పాత చుడీదార్ వేసుకుని, కాళ్ళకి మూసి ఉండే బూట్లు వేసుకుని వెళ్ళు, చెప్పులతో వద్దు. పశువు వెనకాల నేరుగా నిలబడకు. ఒక రోజు నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్ళు. ఉదయం పూటే వెళ్ళండి, పాలు పిండి పశువుల్ని తోలుకొచ్చేది అప్పుడే. ఆయన్ని ట్రెవిస్ దగ్గర కాసేపు నిలబడమను, తాడు పట్టుకోమని ఎవరో ఒకరు ఆయన్నీ పిలుస్తారు.